సొంతంగా అసెంబుల్ చేసిన కంప్యూటర్ ఆన్ అవ్వట్లేదా? ఈ వరసలో చూసుకుంటూ రండి

అన్నీ బిగించేశారు, కేబుళ్లు పెట్టేశారు, బటన్ నొక్కారు, ఏమీ జరగలేదు. లేదా ఫ్యాన్లు బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి కానీ స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. ఇలాంటప్పుడు ఎవరికైనా మొదట వచ్చే అనుమానం ఏదో కాలిపోయిందనే. టెన్షన్ పడకండి. కొత్తగా అసెంబుల్ చేసిన సిస్టమ్ లేవకపోవడానికి చాలాసార్లు కారణం పాడైపోయిన పార్ట్ కాదు. సగమే దిగిన ర్యామ్ కావచ్చు, పెట్టడం మర్చిపోయిన కేబుల్ కావచ్చు, ఆ ప్రాసెసర్ని ఇంకా గుర్తుపట్టలేని పాత బయోస్ (బోర్డులోనే ఉండి, సిస్టమ్‌ని మొదట లేపే సాఫ్ట్‌వేర్) కావచ్చు. వీటిలో దేనికీ డబ్బు ఖర్చు కాదు, ఓపిక మాత్రం కావాలి.

మొదలుపెట్టే ముందు ఒక నియమం పెట్టుకోండి: ఒకసారి ఒక్క మార్పే. ర్యామ్ స్లాట్ మార్చి, గ్రాఫిక్స్ కార్డ్ తీసేసి, బ్యాటరీ కూడా పీకి, అప్పుడు ఆన్ చేస్తే సిస్టమ్ లేచినా సరే దేనివల్ల లేచిందో మీకు తెలియదు, రెండు రోజుల తర్వాత మళ్లీ ఆగిపోతే మళ్లీ మొదటికే వస్తారు. ఒకటి మార్చండి, ఆన్ చేసి చూడండి, ఏం జరిగిందో ఫోన్‌లో రాసి పెట్టుకోండి, తర్వాత రెండోది. విసుగ్గానే ఉంటుంది, కానీ ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

చెయ్యి పెట్టే ముందు

ఏ కేబుల్ తీయాలన్నా పెట్టాలన్నా ముందు ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంట్ ఇచ్చే పవర్ సప్లై డబ్బా) వెనకున్న స్విచ్ ఆఫ్ చేసి, గోడకున్న ప్లగ్ తీసేసి, ఆ తర్వాత క్యాబినెట్ పవర్ బటన్‌ని పది సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంట్ అలా ఖాళీ అవుతుంది. పార్టులు ముట్టుకునే ముందు క్యాబినెట్‌లో పెయింట్ లేని ఇనుప భాగాన్ని ఒకసారి తాకితే ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఏ పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జ్ నిలిచి ఉంటుంది.

ఇప్పుడు మీ సిస్టమ్ ఎక్కడిదాకా వచ్చి ఆగుతోందో గమనించండి. బటన్ నొక్కితే అసలు చలనమే లేదా, ఒక్క క్షణం ఫ్యాన్ కదిలి ఆగిపోతోందా, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నా డిస్‌ప్లే రావట్లేదా, లేక బయోస్ దాకా వచ్చి విండోస్ దగ్గర ఆగుతోందా. ఇవి నాలుగూ వేర్వేరు సమస్యలు. మొదటి దానికి చేయాల్సిన పనులు మూడో దానికి చేస్తూ కూర్చుంటే సాయంత్రం అంతా వృథా.

అసలు చలనమే లేకపోతే

గోడ సాకెట్‌లో ఫోన్ ఛార్జరో టేబుల్ ఫ్యానో పెట్టి కరెంట్ వస్తోందో లేదో చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడుతుంటే దాన్ని పక్కన పెట్టి నేరుగా గోడకే పెట్టండి. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ మీద గీత గుర్తున్న వైపు నొక్కి ఉంటే ఆన్, సున్నా వైపు ఉంటే ఆఫ్. అక్కడ గుచ్చే పవర్ కేబుల్ కూడా చివరిదాకా దిగాలి, చాలావరకు అది గట్టిగా ఉంటుంది కాబట్టి సగం దిగగానే అయిపోయిందనుకుంటాం.

ఇదంతా సరిగ్గా ఉంటే మదర్‌బోర్డ్ మీద ఎక్కడైనా చిన్న లైట్ వెలుగుతోందా చూడండి. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంట్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది, చాలా బోర్డుల్లో దానితో ఒక ఎల్‌ఈడీ వెలుగుతుంది. లైట్ ఉండి కూడా బటన్‌కి స్పందన లేదంటే నేను ముందు అనుమానించేది క్యాబినెట్ బటన్ నుంచి వచ్చే ఆ సన్న తీగల్నే.

ఆ తీగల దగ్గర కాస్త ఆగి చూద్దాం, ఎందుకంటే తికమక ఎక్కువగా జరిగేది ఇక్కడే. బోర్డు కింది అంచున, ఎక్కువగా కుడి మూలకి దగ్గర్లో, రెండు వరసల్లో చిన్న పిన్నుల గుంపు ఒకటి ఉంటుంది. పవర్ స్విచ్, రీసెట్ స్విచ్, రెండు ఎల్‌ఈడీలు, అన్నీ అక్కడికే వస్తాయి. పిన్నులు దగ్గర దగ్గరగా ఉండటం వల్ల ప్లగ్ ఒక పిన్ను పక్కకి జరిగినా పైనుంచి చూస్తే తేడా తెలియదు. మాన్యువల్‌లో ఆ బొమ్మ ఉన్న పేజీ తెరిచి, ఫోన్ టార్చ్ వేసుకుని, ఒక్కొక్కటీ పోల్చి చూడండి. స్విచ్‌లకి ప్లస్ మైనస్ పట్టింపు లేదు, ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తాయి. ఎల్‌ఈడీలు తిరగేసి పెడితే వెలగవు, అంతకు మించి నష్టం లేదు.

బటనే పాడైందేమో తేల్చుకోవాలంటే పవర్ స్విచ్ ప్లగ్ తీసేసి, ఎస్‌ఎంపీఎస్ ఆన్‌లో ఉంచి, ఆ రెండు పిన్నుల్నీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి వదిలేయండి. బటన్ చేసే పని కూడా అదే. ఇందులో భయపడాల్సిందేమీ లేదు, కాకపోతే సరైన రెండు పిన్నులే అని మాన్యువల్‌లో చూసుకున్నాకే చేయండి. సిస్టమ్ లేచిందా, బోర్డు బాగుంది, తప్పు బటన్‌దే. అప్పుడు రీసెట్ స్విచ్ తీగని తెచ్చి పవర్ పిన్నులకి పెట్టేసుకుంటే రీసెట్ బటనే పవర్ బటన్‌లా పనిచేస్తుంది. రీసెట్ బటన్ లోపలికి ఇరుక్కుపోయి ఉన్నా సిస్టమ్ లేవదు, కాబట్టి దాని తీగ కూడా ఒకసారి తీసి చూడండి.

అయినా కదలకపోతే బోర్డు కుడి అంచున ఉండే 24 పిన్నుల పెద్ద కనెక్టర్ చూడండి. కొక్కెం టక్కున పడేదాకా నొక్కాలి. నొక్కేటప్పుడు బోర్డు వంగకుండా వెనకవైపు వేళ్లు ఆనించండి. మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడదీయగలిగే) ఎస్‌ఎంపీఎస్ అయితే కేబుల్ రెండో చివర కూడా, అంటే ఎస్‌ఎంపీఎస్ వైపు కూడా, పూర్తిగా దిగిందో లేదో చూడాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లని కొత్త దానికి వాడొద్దు. బోర్డు వైపు కనెక్టర్ అందరిదీ ఒకటే అయినా ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీని బట్టి, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌ని బట్టి మారిపోతుంది. కేబుల్ చక్కగా పట్టేస్తుంది, ఆన్ చేయగానే హార్డ్ డిస్కో బోర్డో మాడిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్ బతికే ఉందా అని విడిగా చూడొచ్చు. ప్లగ్ తీసి, దాని కేబుళ్లన్నీ బోర్డు నుంచి, డిస్కుల నుంచి, కార్డు నుంచి ఊడదీయండి. 24 పిన్నుల కనెక్టర్‌లో 16వ పిన్నుని (రంగు తీగలున్న వాటిలో ఆకుపచ్చది) పక్కనున్న గ్రౌండ్ పిన్నుతో, అంటే నల్ల తీగతో, వంచిన పేపర్ క్లిప్పుతో కలపండి. ఆ తర్వాతే ప్లగ్ పెట్టి స్విచ్ వేయండి, వేశాక క్లిప్పుని ముట్టుకోవద్దు. ఇప్పుడు వచ్చేవాటిలో తీగలన్నీ నల్లగానే ఉంటున్నాయి, అలాంటప్పుడు పిన్నుల బొమ్మ చూసి లెక్కపెట్టాలి, ఖచ్చితంగా తెలియకపోతే ఈ పరీక్ష వదిలేయండి. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లతో ఇందుకోసమే చిన్న జంపర్ ప్లగ్ ఇస్తారు, అదుంటే ఇంకా మంచిది. ఫ్యాన్ తిరిగితే కనీసం లేస్తోందని అర్థం. కానీ లోడ్ లేకుండా ఫ్యాన్ ఆగే ఉండే మోడళ్లు కూడా ఉన్నాయి కాబట్టి మల్టీమీటర్ ఉంటే వోల్టేజీలు చూడండి: 12 వోల్టుల లైన్ 11.4 నుంచి 12.6 మధ్య, 5 వోల్టులది 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. ఈ పరీక్ష పాసైనంత మాత్రాన లోడ్ పడినప్పుడు కూడా నిలబడుతుందని హామీ లేదు. ఫెయిలైతే మాత్రం వెతుకులాట అక్కడితో అయిపోయినట్టే.

ఒక్క క్షణం తిరిగి ఆగిపోతుంటే

ఇది ఎక్కువగా షార్ట్ సర్క్యూట్. ఎస్‌ఎంపీఎస్ తనని తాను కాపాడుకోవడానికి కట్ అయిపోతోంది. క్యాబినెట్‌లో బోర్డు కింద పెట్టే ఇత్తడి స్టాండాఫ్‌లు బోర్డు కన్నాలకి ఎదురుగా మాత్రమే ఉండాలి. కన్నం లేని చోట ఒకటి మిగిలిపోతే అది బోర్డు వెనకున్న సోల్డర్‌కి తగులుతుంది. జారిపడిన స్క్రూ బోర్డు కింద ఇరుక్కుని ఉండొచ్చు, క్యాబినెట్ కాస్త వంచి చూడండి, ఏదైనా గలగలమంటే తెలిసిపోతుంది. వెనక పోర్టుల చుట్టూ బిగించే రేకు పలక, అంటే ఐఓ షీల్డ్‌కి ఉండే రేకు నాలుకలు యూఎస్‌బీ పోర్టులోకి దూరాయేమో అదీ చూడండి.

కొన్ని సెకన్లు లేదా ఓ నిమిషం నడిచి ఆగిపోతుంటే వేడి కావచ్చు. కూలర్ అడుగున అంటించి ఉండే ప్లాస్టిక్ పొర తీశారా? కూలర్ ఫ్యాన్ తీగ సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే పెట్టారా? లిక్విడ్ కూలర్ అయితే పంపుకి కరెంట్ అందుతోందా?

ఒక్క విషయం మాత్రం దీంతో కలిపేయొద్దు. కొత్త ర్యామ్ పెట్టిన తర్వాత మొదటిసారి ఆన్ చేస్తే బోర్డు దాన్ని సర్దుకునే క్రమంలో తనంతట తానే ఒకట్రెండు సార్లు ఆగి లేస్తుంది. అది జబ్బు కాదు, వదిలేయండి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా వెళ్దాం.

మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారు? విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, పైన బోర్డుకి ఉండే పోర్టులో కాదు. కార్డు లేకుండా బోర్డు పోర్టు వాడుతుంటే మీ ప్రాసెసర్‌లో అసలు గ్రాఫిక్స్ ఉన్నాయా చూసుకోండి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటిలో ఉండవు. ఏఎమ్‌డీ కంపెనీ పాత ఏఎమ్4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) రైజెన్‌లలో పేరులో జీ అక్షరం లేని 5600, 5800ఎక్స్ లాంటివాటిలో ఉండవు. రైజెన్ 7000 సిరీస్ నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి ఉన్నాయి, అక్కడ కూడా ఎఫ్ అని ఉంటే లేనట్టే. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ ఏది ఎంచుకుని ఉందో కూడా చూడండి, ఆటోలో వదిలేస్తే కొన్ని మానిటర్లు సరైన పోర్టుని పట్టుకోవు.

తర్వాత, సీపీయూ పవర్ కనెక్టర్. బోర్డు ఎడమ పై మూలన, కూలర్ వెనక కనబడకుండా ఉండే 8 పిన్నుల సాకెట్. 24 పిన్నులది పెట్టేసి దీన్ని మర్చిపోతే ఫ్యాన్లు, లైట్లు అన్నీ వస్తాయి, ప్రాసెసర్ మాత్రం లేవదు. దీనికి పెట్టాల్సిన కేబుల్ నాలుగు నాలుగుగా విడిపోతుంది, గ్రాఫిక్స్ కార్డుకి పెట్టేది ఆరు, రెండుగా విడిపోతుంది. రెండూ ఎనిమిదే కదా అని ఒకదాని చోట ఇంకోదాన్ని బలవంతంగా దూర్చొద్దు, వాటిలో వోల్టేజీలు ఒకదానికొకటి తిరగేసి ఉంటాయి. కనెక్టర్ మీద సీపీయూ అనో పీసీఐఈ అనో రాసే ఉంటుంది.

ఇప్పుడు బోర్డునే అడగండి. ఈమధ్య బోర్డుల్లో చాలావాటికి సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్ కార్డ్), బూట్ (విండోస్ ఉండే డిస్క్) అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఆన్ చేయగానే వరసగా వెలిగి ఆరిపోతాయి, ఏది ఆరకుండా నిలిచిపోయిందో అక్కడ ఆగినట్టు. ఖరీదైన బోర్డుల్లో రెండంకెల కోడ్ చూపించే డిస్‌ప్లే ఉంటుంది, దాని అర్థం మాన్యువల్ చివరి పేజీల్లో దొరుకుతుంది. ఇవేవీ లేకపోతే చిన్న బీప్ స్పీకర్ ఒకటి కొని పెట్టుకోండి. ఉత్త ఊహల మీద పార్టులు మార్చడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

డీర్యామ్ లైట్ దగ్గర ఆగితే ముందు ర్యామ్ తీసి మళ్లీ పెట్టండి. చాలా బోర్డుల్లో క్లిప్పు ఒకవైపే కదులుతుంది. ఆ వైపు టక్‌మని పడగానే అయిపోయిందనుకుంటాం, కానీ క్లిప్పు లేని రెండో వైపు ఒకట్రెండు మిల్లీమీటర్లు పైకే ఉండిపోతుంది. తల వంచి పక్కనుంచి చూడండి: బంగారు రంగు కాంటాక్టులు స్లాట్ పైన గీతలా కనిపిస్తున్నాయంటే ఇంకా దిగలేదు. రెండు చివరలా బొటనవేళ్లు పెట్టి సమానంగా నొక్కండి, అనుకున్నదానికన్నా గట్టిగానే నొక్కాల్సి వస్తుంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు ర్యామ్‌లైతే ఏ2, బీ2 స్లాట్లలో పెట్టాలి, అంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది. అప్పటికీ రాకపోతే ఒక్క ర్యామ్‌తో ఏ2లో ప్రయత్నించండి, తర్వాత రెండో ర్యామ్‌తో అదే స్లాట్‌లో. ఇలా చేస్తే పాడైంది ర్యామా స్లాటా అన్నది తేలిపోతుంది.

డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) వాడుతున్నవాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమొరీ ట్రైనింగ్ అని, అంటే బోర్డు ఆ ర్యామ్‌కి తగ్గట్టు సర్దుకునే ఒక పని జరుగుతుంది, ముఖ్యంగా రైజెన్ 7000 నుంచి వచ్చిన ఏఎమ్5 సాకెట్ బోర్డుల్లో అది కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఆ సేపంతా స్క్రీన్ నల్లగా, డీర్యామ్ లైట్ వెలుగుతూ, అచ్చం పాడైన సిస్టమ్‌లాగే ఉంటుంది. మధ్యలో కంగారుపడి ఆఫ్ చేస్తే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. పదిహేను నిమిషాలు అలా వదిలేసి వేరే పని చూసుకోండి. బాగానే ఉన్న ర్యామ్‌ని ఈ ఒక్క కారణంతో వెనక్కి పంపేసేవాళ్లు ఉన్నారంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ర్యామ్ స్పీడ్ పెంచే ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేసిన తర్వాత డిస్‌ప్లే పోయిందా? అయితే సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచుకునే మెమొరీ) క్లియర్ చేయండి. ప్లగ్ తీసేసి, బోర్డు మీద క్లియర్ సీమాస్ అని రాసి ఉన్న రెండు పిన్నుల్ని పది సెకన్లు స్క్రూడ్రైవర్‌తో కలిపి ఉంచండి, లేదా నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ స్థితికి వస్తాయి, మెమొరీ ట్రైనింగ్ కూడా మళ్లీ జరుగుతుంది, ఓపిక పట్టండి.

సీపీయూ లైట్ దగ్గర ఆగితే మొదట బయోస్‌నే అనుమానించండి. బోర్డు తయారై దుకాణంలో కూర్చున్నాక కొత్త ప్రాసెసర్లు వస్తాయి, ఆ బోర్డులోని పాత బయోస్‌కి వాటి సంగతి తెలియదు. బీ450 బోర్డులో రైజెన్ 5000, ఇంటెల్ 600 సిరీస్ బోర్డులో 13, 14వ తరం ప్రాసెసర్లు, బీ650 బోర్డులో రైజెన్ 9000 పెట్టినవాళ్లకి ఇది ఎదురయ్యే సమస్యే. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ ఉంటుంది, మీ ప్రాసెసర్‌కి ఏ వెర్షన్ నుంచి సపోర్ట్ ఉందో అక్కడ రాసి ఉంటుంది. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ సౌకర్యం ఉన్న బోర్డైతే ప్రాసెసర్, ర్యామ్ లేకుండానే అప్‌డేట్ చేయొచ్చు: పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైల్‌కి మాన్యువల్‌లో చెప్పిన పేరే పెట్టి, వెనక దానికోసం గుర్తు పెట్టిన యూఎస్‌బీ పోర్టులోనే గుచ్చి, ఫ్లాష్ బటన్ నొక్కాలి. లైట్ మిణుకుమిణుకుమంటూ ఉన్నంతసేపూ కరెంట్ పోకూడదు, యూపీఎస్ ఉంటే దాని మీద పెట్టండి.

బయోస్ సరైనదే అయితే ప్రాసెసర్ తీసి సాకెట్ చూడాలి. ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉంటాయి, ఏఎమ్5లోనూ ఇంటెల్ బోర్డుల్లోనూ పిన్నులు సాకెట్‌లో ఉంటాయి. టార్చ్‌ని పక్కనుంచి వేసి చూస్తే పిన్నుల వరసలన్నీ ఒకే తీరుగా మెరుస్తాయి, వంగిన పిన్ను ఆ మెరుపులో వేరుగా కనబడుతుంది. ఒక్క పిన్ను వంగినా ఒక ర్యామ్ ఛానల్ మొత్తం పనిచేయకపోవచ్చు. ఏఎమ్4లో కూలర్‌ని ఒక్కసారిగా పైకి లాగొద్దు, పేస్ట్ పట్టేసి ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వచ్చేస్తుంది, అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేశాకే తీయండి. తిరిగి బిగించేటప్పుడు స్క్రూలు ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా తిప్పండి. ఒకవైపే బిగుసుకున్నా ర్యామ్ కనబడకపోవడం లాంటి వింతలు జరుగుతాయి.

వీజీఏ లైట్ అయితే గ్రాఫిక్స్ కార్డ్ తీసి, స్లాట్ చివర కొక్కెం పడేలా మళ్లీ పెట్టండి, దాని పవర్ కేబుళ్లు చివరిదాకా దిగాయా చూడండి. కొత్త కార్డులకి వచ్చే సన్న పిన్నుల 16 పిన్ కనెక్టర్ విషయంలో ఇంకా జాగ్రత్త, సగం దిగితే డిస్‌ప్లే రాకపోవడమే కాదు, వేడెక్కి కరిగే ప్రమాదం కూడా ఉంది. కార్డుని నిలువుగా పెట్టే రైజర్ కేబుల్ వాడుతుంటే దాన్ని తీసి నేరుగా స్లాట్‌లో పెట్టి చూడండి. జెన్3 (స్లాట్ వేగంలో ఒక తరం పాతది) రైజర్‌తో జెన్4 కార్డ్ పెడితే డిస్‌ప్లే రాకపోవడం మామూలే, బయోస్‌లో ఆ స్లాట్‌ని జెన్3కి మారిస్తే సరిపోతుంది.

ఏదీ తేలకపోతే అంతా బయటికి తీయండి

బోర్డుని క్యాబినెట్ నుంచి తీసి దాని అట్టపెట్టె మీద పెట్టండి. ప్రాసెసర్, కూలర్, ఒకే ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, డిస్‌ప్లే కోసం బోర్డు పోర్టు, అది లేకపోతేనే గ్రాఫిక్స్ కార్డ్. డిస్కులు, ఆర్‌జీబీ హబ్బులు, ముందు యూఎస్‌బీ తీగలు, ఏవీ వద్దు. స్క్రూడ్రైవర్‌తో పవర్ పిన్నులు కలపండి. బయట లేచిందంటే తప్పు క్యాబినెట్‌లోనే, స్టాండాఫో తీగో చూసుకోండి. బయట కూడా లేవకపోతే మిగిలినవి నాలుగైదు పార్టులే కాబట్టి స్నేహితుల దగ్గర సరిపోయే ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ అరువు తెచ్చి ఒక్కొక్కటే మార్చి చూడండి. ఈ పద్ధతిని అందరూ ఆఖరికి వదిలేస్తారు, బద్ధకం కొద్దీ. నన్నడిగితే గంట దాటినా కారణం దొరకలేదంటే ఇక క్యాబినెట్‌లో తడుముకోవడం మానేసి ఇదే చేయాలి.

బయోస్ వచ్చింది, విండోస్ రావట్లేదు

ఇక్కడిదాకా వచ్చారంటే పెద్ద గండం గడిచినట్టే. బయోస్‌లో మీ ఎస్‌ఎస్‌డీ పేరు కనిపిస్తోందా చూడండి. కనిపించకపోతే తీసి మళ్లీ పెట్టండి. ఎం.2 స్లాట్ (బోర్డుకే నేరుగా గుచ్చే ఎస్‌ఎస్‌డీది) ఒకటి వాడితే కొన్ని సాటా పోర్టులు (కేబుల్‌తో పెట్టే డిస్కులవి) పనిచేయడం ఆపేసే బోర్డులు చాలా ఉన్నాయి, ఏ స్లాట్‌కి ఏ పోర్టు పోతుందో మాన్యువల్‌లో ఉంటుంది. బయోస్‌లో కనిపించి, ఇంటెల్ సిస్టమ్‌లో విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం డిస్క్ కనిపించకపోతే వీఎండీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండి ఉంటుంది. రెయిడ్ (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడటం) వాడకపోతే దాన్ని ఆఫ్ చేయండి, లేదా ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇన్‌స్టాలర్‌కి చూపించండి. అప్పటికే విండోస్ ఉన్న డిస్కైతే ఆ సెట్టింగ్‌ని కదిలించొద్దు, మార్చితే ఉన్న విండోస్ కూడా బూట్ అవ్వదు.

వారంటీకి పంపాల్సి వస్తే

నిజంగానే ఒక పార్ట్ పోయిందని తేలితే ఏమేం ప్రయత్నించారో, ఏ లైట్ దగ్గర ఆగిందో, ఏ ర్యామ్‌తో ఏ స్లాట్‌లో చూశారో రాసి పెట్టుకున్నది అలాగే పంపండి, మళ్లీ అవే ప్రశ్నలకి జవాబు చెప్పే పని తప్పుతుంది. మదర్‌బోర్డ్ పంపేముందు సాకెట్‌ని నాలుగు వైపుల నుంచీ స్పష్టంగా ఫొటోలు తీసి, దానితో వచ్చిన నల్ల ప్లాస్టిక్ మూత తిరిగి పెట్టి పంపండి. పిన్నులు వంగిన బోర్డుల్ని వారంటీ కింద సాధారణంగా తీసుకోరు, అవి దారిలో వంగినా మీ మీదికే వస్తుంది, కాబట్టి ఆ మూతని మొదటి రోజే పారేయకుండా బోర్డు పెట్టెలోనే దాచండి.